వండని పూట పిడికిలి

కోసిగికి పడమటి దిక్కున ఉన్న ఆ పల్లెలో ఏ ఇంట్లో ఎన్ని పూటలు పొయ్యి రాజిందో తెలుసుకోవాలంటే ఇల్లిల్లూ తిరిగి తొంగి చూడాల్సిన పని లేదు. ఆదివారం పొద్దున చర్చికి పోతే చాలు. అక్కడి ఆడవాళ్లకు తాతల నాటి నుంచి ఒక అలవాటు. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి, తలుపు వెనక మేకుకు తగిలించిన గుడ్డసంచిలో వేస్తారు. దాన్ని దేవుని పిడికిలి అంటారు. వారమంతా పోగైన సంచిని ఆదివారం తెచ్చి, పాస్టరు నిలబడే చోటికి ముందర పరిచిన దుప్పటి మీద కుమ్మరిస్తారు. నెలలో మొదటి ఆదివారం ఆ రాశిలోంచే ఊళ్లోని దిక్కులేని ముసలీ ముతకకు కొలిచి ఇస్తారు. కులం అడగరు, ఏ దేవునికి మొక్కుతావని అడగరు. మంచి పద్ధతే, ఎవరు కాదంటారు!

కానీ మనుషుల కళ్లు ఊరుకుంటాయా? సంచి బరువు చూసి సంసారం బరువు చెప్పేస్తారు. ఎవరి సంచైనా చిక్కిందంటే, "ఈ వారం వాళ్ల పొయ్యిలో పిల్లి లేచినట్టు లేదే" అని వెనక బల్లల్లో గుసగుసలు మొదలవుతాయి. ఆ గుసగుసలు వినలేకనే, ఇంట్లో గింజ లేని వారం జ్వరమని చెప్పి చర్చి మానేసిన వాళ్లు కూడా ఉన్నారు.

రాహేలమ్మ సంచి మాత్రం ఏనాడూ చిక్కలేదు. డెబ్భై దాటిన మనిషి, ఒంటరి మనిషి, మోకాళ్లు పట్టేసి కూలికి పోవడం మానుకున్న మనిషి. అయినా ఆమె సంచి నిండుగా, మూతి బిగించి, చంకలో పసిబిడ్డలాగా వచ్చేది.

ఆ సంచికి పెద్ద చరిత్రే ఉంది. వానలు మొహం చాటేసిన ఏడల్లా ఆ పల్లెకు పల్లె సుగ్గికి పోతుంది. పనులున్న చోటికి మూటాముల్లె కట్టుకుని వలసపోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. రాహేలమ్మ పెళ్లయిన ఏడే మొగుడు లేవితో కలిసి గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయింది. చేను గట్టున పట్టాల గుడిసెలో మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండినా, పిడికెడు తీయడం మానలేదు. "ఈడ చర్చి యాడుండాది, ఎవరికిస్తావే?" అని లేవి నవ్వేవాడు. "మనూరికి పొయ్యినంక ఇస్తా" అనేది. సుగ్గి ముగిసి ఊరు చేరిన మొదటి ఆదివారం ఆ బియ్యం తెచ్చి పోస్తే, పురుగు పట్టినా సరే, పాత పాస్టరయ్య కళ్లకద్దుకున్నాడు. లేవి ఒక ఏడు ఆ సుగ్గిలోనే జ్వరమొచ్చి పోయాడు. మొగుణ్ణి అక్కడి మట్టిలోనే పూడ్చి, కూతురు రెజీనాను ఒక చేత, ఆ సంచిని ఒక చేత పట్టుకుని రైలు దిగింది రాహేలమ్మ.

రాత అంతటితో ఆగిందా? రెజీనాను పెంచి, పెళ్లి చేసి పంపితే, ఆ పిల్ల కామెర్లు ముదిరి కళ్లు మూసింది. అల్లుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుకుంటూ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. రెజీనా బిడ్డ, పాలపళ్లు ఊడని క్రిస్టినా అవ్వ దగ్గరికి చేరింది. కలుపు తీసి, కట్టెలు మోసి, మళ్లీ సుగ్గికి పోయి, ఆ మనవరాల్ని ఇంటర్ దాకా లాక్కొచ్చింది ఆ ముసలి ప్రాణం. ఇప్పుడా పిల్ల కర్నూలు పక్కన కల్లూరులో నర్సింగు చదువుతోంది. మా రెజీనాకు ఆ పొద్దు ఒక మంచి నర్సమ్మ దొరికుంటే బతికేది అని రాహేలమ్మ మనసులో గట్టిగా పడిపోయింది. అందుకే ఆ చదువంటే ఆమెకు చదువు కాదు, చచ్చిన కూతురు తిరిగి రావడమే.

చదువు ఫీజు ఎట్లాగో సర్దుబాటయింది. కానీ హాస్టల్ మెస్సు బిల్లు ఎవరు కడతారు? ఒకటో తేదీ చేతికొచ్చే పింఛను దుడ్లు కోక చెంగుకు ముడేసుకుని, పొద్దెక్కకముందే కోసిగిలోని సెల్లు అంగడికి పోయి క్రిస్టినాకు పంపించేసేది రాహేలమ్మ. మిగిలింది బీపీ మాత్రలకు సరి. ఇంకా ఏమన్నా మిగిలితేనే తిండికి.

మనిషికి ఎన్ని ఖర్చులున్నా, వాటిల్లో నోరు లేనిది కడుపొక్కటే. మందుల అంగడివాడు ఊరికే ఇవ్వడు, హాస్టలు వాళ్లు ఊరికే పెట్టరు, కరెంటు బిల్లు ఆగదు. కడుపునైతే రేపు రా పో అని పంపించవచ్చు. ముందు కూరగాయలు పోయాయి. సంతలో పొద్దు వాలాక, అంగళ్లు సర్దేటప్పుడు మెత్తబడ్డ టమాటాలు ఏరుకొచ్చేది, కొన్నాళ్లకు అదీ మానింది. తర్వాత కందిపప్పు పోయింది, తర్వాత నూనె. జొన్నలు కొనలేక రొట్టె పోయింది. చివరికి మిగిలింది కార్డు బియ్యం, గొడ్డుకారం. ఒంటి మనిషి కార్డుకు వచ్చే బియ్యం ఎన్నాళ్లని వస్తాయి? రెండు పూటల వంట ఒక పూటయింది. పొద్దున ఇన్ని బొరుగులు నోట్లో వేసుకుని టీ నీళ్లు తాగితే అయిపోయె.

ఇక్కడే ఆమె చేసిన పని చూడండి. వండిన పూట పిడికెడు తీస్తే సరిపోయేది. కానీ వండిన పూటకే పిడికిలి తీస్తే సంచి సగానికి సగం చిక్కిపోతుంది కదా. ఆదివారం దుప్పటి మీద పోసేటప్పుడు అందరికీ తెలిసిపోదా? అందుకని వండని పూటకూ ఒక పిడికిలి తీసి సంచిలో వేసేది. తన నోట్లో పడని పూటకు కూడా దేవునికి లెక్క అప్పజెప్పేది. ఆ పిడికిళ్లు ఉంచుకునుంటే ఇంకో పూట ఆమెకు గంజి అయ్యేది. అయ్యో తల్లీ, ఇదేం లెక్కే అని అడిగేవాళ్లు ఎవరున్నారు? ఎవరికీ తెలియకూడదనే కదా ఆమె తిప్పలన్నీ.

పరువు ఒక్కటే అయితే ఎప్పుడో అడిగేదేమో. అసలు భయం క్రిస్టినాది. కల్లూరుకు పోయే ముందు పెట్టె మీద కూర్చుని ఆ పిల్ల ఒక మాటంది. "అవ్వా, నువ్వు పస్తుండి నన్ను సదివిస్తాండావని నాకు తెలిసిందనుకో, ఆ పొద్దే పెట్టె సర్దుకోని వస్తా. మల్ల నన్ను అనొద్దు, సూడు." అది అచ్చం రెజీనా మొండితనం. అన్నదంటే చేస్తుంది.

రోజూ పొద్దు గుంకే వేళకు ఫోన్ మోగేది.

"తిన్నావా అవ్వా?"

"తిన్నానే."

"ఏం కూర?"

అప్పుడు రాహేలమ్మ నోట్లోనే వంట చేసేది. గోంగూర పప్పు అనేది. జొన్నరొట్టెలోకి వేరుశనగ బుడ్డల ఊరిమిండి నూరినాననేది. వంకాయలో కొబ్బరి వేసి ఎట్లా వేయించిందో, పక్కింటివాళ్లు వాసనకు ఎట్లా వచ్చారో కూడా చెప్పేది. "ఏందవ్వా, నీ వంకాయ మాట వింటే ఈడ మా మెస్సు కూడు నోట్లోకి పోదు" అని పిల్ల నవ్వేది. ఫోన్ పెట్టేశాక, చెప్పిన కూరల రుచంతా నోట్లో ఊరితే ఆ నీళ్లే మింగి పడుకునేది ఆ ముసలామె.

నెలలో మొదటి ఆదివారమే చర్చిలో కోతల పండగ వచ్చింది. ఆ వారం కార్డు బియ్యం అడుగంటాయి. బావి దగ్గర బిందె ఎత్తబోతే కళ్లు బైర్లు కమ్మి కూలబడింది రాహేలమ్మ. పడిపోతే ఈ పిల్లకు మెస్సు దుడ్లు ఎవరు పంపుతారన్న భయం పుట్టి, ఇంక సిగ్గు చంపుకోక తప్పదనుకుంది. స్త్రీల సమాజం పెద్ద కృపమణి మంచిదే, రాహేలమ్మను పెద్దమ్మా అని పిలిచే మనిషే. ఆమెను పక్కకు పిలిచి, "అమ్మా కృపమణీ, ఈ నెల నాకూ ఒక సేరు పెట్టమ్మా, ఎవరికీ సెప్పొద్దు" అని అడగాలి. ఆ మాటను దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూ పోయింది.

చర్చి నిండా మామిడాకులు, జొన్న కంకులు, గుమ్మడికాయలు. పాటలయ్యాక కృపమణి లేచి, రాహేలమ్మను చెయ్యి పట్టి ముందుకు తీసుకుపోయింది.

"అందరూ ఈమెను సూడండి. మొగుడు లేడు, కూతురు లేదు, కూలికి పోయే కాళ్లు గూడా లేవు. అయినా ఇన్నేండ్లలో ఈ పెద్దమ్మ సంచి ఒక్క వారం తగ్గలేదు. ఇద్దరు కొడుకులు సంపాదిచ్చే ఇండ్ల సంచులు గూడా సిక్కిపోతాండాయి, ఈమెను సూసన్నా సిగ్గు తెచ్చుకోండి!"

చప్పట్లు మోగాయి. సంఘపెద్ద ఏసుకుమార్ ఒక శాలువా తెచ్చి కప్పాడు. కృపమణి కొత్త స్టీలు సేరొకటి ఆమె చేతిలో పెట్టి, ఇక నుంచి ముసలోళ్లకు బియ్యం కొలిచేది రాహేలమ్మ పెద్దమ్మే అంది. నోట్లోని మాట నోట్లోనే ఇంకిపోయింది. ఎట్లా అడుగుతుంది చెప్పండి? శాలువా కప్పుకున్న భుజం మీదుగా చెయ్యి చాపడం ఎవరి తరం? వసారాలో వరుసగా కూర్చున్న ముసలోళ్లకు ఆమే వంగి కొలిచింది. కింద పడ్డ గింజలు కూడా ఏరి మళ్లీ రాశిలోనే వేసింది.

ఆ వరుసలో గంగక్క ఉంది. రాహేలమ్మ ఈడుదే, పక్క వీధిది. ఇద్దరూ ఎన్నో సుగ్గులు కలిసి పోయినవాళ్లు. గంగక్క నుదుట ఇంత బొట్టుంటుంది, శ్రావణమాసం వస్తే మారెమ్మకు కోడి కోస్తుంది. చర్చి బియ్యమెట్లా తింటావని ఎవరో ఎగతాళి చేస్తే, "బియ్యానికి బొట్టూ ఉండదు శిలువా ఉండదు, ఉడికితే అన్నం అంతే పో" అని నోరు మూయించిన ఘటం. ఆ గంగక్క తువ్వాలు పట్టుకుని, కళ్లెత్తి రాహేలమ్మ మొహంలోకి చూసింది.

"ఏమక్కా, సేరు వణుకుతాండాది?"

"కొత్త సేరు కదా, జారుతాండాదిలే" అంది రాహేలమ్మ.

గంగక్క తువ్వాలు ముడేసుకుని లేచింది. మర్నాడు మధ్యాహ్నం మిరపకాయలడిగే వంకతో నేరుగా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద ఎసరు తెర్లుతోంది, మూత ఎగిరెగిరి పడుతోంది, ఇంటి కప్పు మీదుగా పొగ వీధిలోకి పోతోంది. అడిగీ అడగకుండానే మూత తీసింది. ఒట్టి నీళ్లు! గింజ లేదు. వీధిలోవాళ్లకు పొగ కనబడాలని పెట్టిన ఎసరది.

గంగక్క మూత పక్కకు విసిరేసింది.

"ఓసి నీ పరువు మన్నుపడ! ఉత్త నీళ్లు ఉడకబెడ్తాండావా? నిన్న సేరు పట్టుకోని మా అందరికీ కొలిచి పోసింది నువ్వే కదే! నీకొక సేరు పోసుకుంటే చెయ్యి ఇరుగుతుందా?"

"గట్టిగా అరవొద్దు గంగక్కా, నీ కాళ్లు పట్టుకుంటా" అని రాహేలమ్మ తలుపు దగ్గరకు వేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసినా, ఆ పొద్దు దాచలేకపోయింది. క్రిస్టినా అన్న మాట, మెస్సు బిల్లు, వండని పూట పిడికిలి, అన్నీ చెప్పి ఏడ్చింది. ఏడ్చి, గంగక్క చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి. ఎవరికీ సెప్పనని ఒట్టెయ్యి. పిల్లకు తెలిసిందా, ఇన్నేండ్ల నా కష్టం ఏట్లో కలిసిపోతాది."

గంగక్క ఒట్టేసింది. వేసి, ఇంటికి పోయి, తనకు వచ్చిన బియ్యంలో సగం కొంగులో మూటగట్టి తెచ్చింది. "నువ్వు కొలిచి ఇచ్చిందే, నీకే కొలుస్తాండా. తీసుకోకపోతివా, ఒట్టు గట్టున పెట్టి వీధిలో నిలబడి కేకలేస్తా" అంది. రాహేలమ్మకు తీసుకోక తప్పలేదు.

అట్లా ఆ వేసంగి దాకా నడిచింది. చర్చి బియ్యం గంగక్కకు, గంగక్క బియ్యంలో సగం రాహేలమ్మకు, రాహేలమ్మ పిడికిలి తిరిగి చర్చికి. పొయ్యి మీద గంజి కాగుతుండేది, ఫోన్లో చెప్పే వంకాయకు కాస్త బలం వచ్చింది. రాహేలమ్మకు కంటిలో పువ్వు పడి చూపు మసకబారింది గానీ, ఆపరేషన్ సంగతి పిల్ల చదువైనాక చూద్దాంలే అనుకుంది. ఆ మసక చూపే కొంప ముంచింది.

ఒక ఇంటి బియ్యం అంటే ఒకే తీరుగా ఉంటుంది. సన్నబియ్యం తినేవాళ్ల సంచిలో సన్నబియ్యం, కార్డు బియ్యం వాళ్ల సంచిలో కార్డు బియ్యం. పది ఇండ్ల పిడికిళ్లు కలిసిన దుప్పటి మీది రాశి మాత్రం అన్ని తీర్లుగా ఉంటుంది. సన్నవీ లావువీ, తెల్లవీ ముక్కిపోయినవీ, నడుమ నడుమ జొన్నగింజలు. కంటిచూపున్న ఎవరైనా ఆ తేడా చెప్పగలరు. ఆ నెల కార్డు బియ్యం అయిపోయి, గంగక్క ఇచ్చిన బియ్యంలోంచే వారమంతా పిడికిలి తీసింది రాహేలమ్మ. ఆదివారం సంచి విప్పి దుప్పటి మీద పోస్తుంటే, పక్కన కూర్చుని రాళ్లేరుతున్న కృపమణి చెయ్యి ఆగిపోయింది.

బియ్యంలో ఒక ఎండిన వేపాకు ఉంది. పురుగు పట్టకుండా బియ్యం డబ్బాలో వేపాకు వేసే అలవాటు ఆ చర్చిలో కృపమణి ఒక్కదానికే ఉంది.

"పెద్దమ్మా" అంది కృపమణి, గొంతు తగ్గించే. "ఈ వేపాకు మా ఇంటిది. ఈ బియ్యం మన రాశిలోది. నీ సంచిలోకి ఎట్ల వచ్చె?"

గొంతు ఎంత తగ్గించినా పక్క బల్లలవాళ్లు విననే విన్నారు. రాశి కొలిచే సేరు ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. రాహేలమ్మకు చప్పున అర్థమైంది, వీళ్లు తనను ఏమనుకుంటున్నారో. ఒక్క మాట చెబితే బయటపడిపోతుంది. గంగక్క ఇచ్చింది అంటే చాలు. ఎందుకిచ్చింది అంటారు. నాకు లేక అని చెప్పాలి. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, రేపటికి కల్లూరు చేరుతుంది, ఎల్లుండి క్రిస్టినా పెట్టె సర్దుకుంటుంది. దొంగ అనే పేరు ఈ పల్లె దాటి పోకపోవచ్చు. ఆకలి అనే పేరు మాత్రం నేరుగా పిల్ల దగ్గరికే పోతుంది.

ఆమె గుప్పిట మూసుకుని నిలబడింది. నోరు విప్పలేదు.

"పోనీలేమ్మా కృపమణీ, పెద్దామె. ఏదో పొరపాటు అయ్యింటాది" అన్నాడు ఏసుకుమార్. "ఇంగ ఆ సేరు ఇంకెవరికన్నా ఇద్దాం." తిట్టి ఉంటే బాగుండేది. ఆయన అంత మెత్తగా అనేసరికి, దొంగతనం రుజువైపోయినట్టే అయింది. రాహేలమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, వెనక బల్లలో పోయి కూర్చుంది. ఆ బల్లలో ఉన్నవాళ్లు కొంచెం జరిగి చోటిచ్చారు, అవసరమైనదాని కంటే ఎక్కువే జరిగారు.

అయినా వచ్చే ఆదివారమూ పోయింది. పోకపోతే ఒప్పుకున్నట్టవుతుందని పోయింది. అది నెలలో మొదటి ఆదివారం. వసారాలో ముసలోళ్లు కూర్చున్నారు, ఒక పడుచుపిల్ల సేరు పట్టుకుని కొలుస్తోంది. వరుసలో ఉన్న గంగక్క అటూ ఇటూ చూసి, "రాహేలక్క యాడ? ఆమె కదా కొలిచేది?" అంది.

పక్కన కూర్చున్న గిడ్డయ్య తాత ఆమె చెవి దగ్గర చెప్పాననుకున్నాడు గానీ, చెవిటి మనిషి, వసారా అంతా వినబడేట్టు చెప్పాడు. "ఆమె రాశిలో చెయ్యి పెట్టిందంట కదా! సేరు పీకినారు."

గంగక్క లేచింది. కొలిపించుకున్న బియ్యం తువ్వాలుతో సహా తెచ్చి దుప్పటి మీద గుమ్మరించింది. లోపల వెనక బల్లలో ఉన్న రాహేలమ్మ వద్దు వద్దని చెయ్యూపుతోంది. తల మీద చెయ్యి పెట్టి చూపించి, ఒట్టు గుర్తు చేస్తోంది. గంగక్క చూసింది. చూసి కూడా ఆగలేదు.

"దొంగంట, దొంగ! మీ నాలికలు పడిపోను! ఆ బియ్యం నేనిచ్చినా. సగం తిని సగం ఇచ్చినా. ఆమె పొయ్యి మీద ఉత్త నీళ్లు తెర్లుతుంటే నా కండ్లతో సూసినా. మీరు సంచి నిండింది సంచి నిండింది అని సప్పట్లు కొడ్తిరి కదా, ఆమె పస్తున్న పూటల బియ్యమయ్యా అవి! వండని పూటకు గూడా పిడికిలి తీసి మీకు తెచ్చి పోసింది. ఇన్నేండ్లు సంచి సూస్తిరి, ఒక్కరన్నా ఆమె మొగం సూస్తిరా?"

కృపమణి మొహం మాడిపోయింది. రాహేలమ్మ మాత్రం బల్ల అంచు పట్టుకుని, గంగక్క వైపే చూస్తూ, "ఎంత పని చేస్తివి గంగక్కా, ఎంత పని చేస్తివి" అని గొణుక్కుంటూ ఉంది.

ఆ మధ్యాహ్నమే కృపమణి బియ్యం మూట, పప్పు, నూనె పొట్లం పట్టుకుని రాహేలమ్మ ఇంటికి వచ్చింది. గడపలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "సంచి నిండుగుంటే ఇల్లు గూడా నిండుగుండాదనుకుంటి పెద్దమ్మా. నా కండ్లు పోను, నిన్ను అంత మాట అంటి."

"నువ్వేం జేస్తావులేమ్మా, అట్ల అనుకోవాలనే కదా నేను తిప్పలు పడింది" అంది రాహేలమ్మ. "బియ్యం ఆడ పెట్టు. ఒక్కటే అడుగుతా. మా పిల్లకు తెలీనీయద్దండి."

అప్పటికే ఆలస్యమైంది. చర్చిలోంచి బయట పడకముందే ఎవరో పడుచుపిల్ల ఫోన్లో క్రిస్టినాకు అంతా చెప్పేసింది మరి. మంచి చేస్తున్నాననే అనుకుంది ఆ పిల్ల. ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. తిన్నావా అవ్వా అని ఎవరూ అడగలేదు. రాహేలమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంగక్క వచ్చి గడప బయట నిలబడి, "మాట తప్పితి, తిట్టన్నా తిట్టక్కా" అంది. రాహేలమ్మ గోడ వైపు తిరిగింది.

రెండో రోజు కోసిగి నుంచి వచ్చిన ఆటో వీధి మొదట్లో ఆగింది. క్రిస్టినా దిగింది. చేతిలో పెట్టె ఉంది, చంకలో పరుపుచుట్ట ఉంది. పరుపుచుట్ట చూడగానే రాహేలమ్మకు సంగతి అర్థమైపోయింది. సెలవుకొచ్చే పిల్ల పరుపు తెచ్చుకోదు.

"ఎందుకొస్తివే? పరీచ్చలు దగ్గర పడలేదా? పో, వచ్చిన ఆటోలోనే పో!" అంది.

క్రిస్టినా పెట్టె గోడకానించి, నేరుగా వంటింట్లోకి పోయి, చేతులు కడుక్కుని పొయ్యి రాజేసింది. చేటలో బియ్యం పోసి, కడగకముందు అలవాటుగా ఒక పిడికెడు తీసింది. తీసి, తలుపు వెనక మేకు వైపు చూసింది. తర్వాత ఆ పిడికెడూ తిరిగి చేటలోనే వేసేసింది. ఆ ఇంట్లో దేవుని పిడికిలి తీయకుండా పొయ్యి ఎక్కిన మొదటి వంట అదే.

కృపమణి తెచ్చిన పప్పు ఉంది. ఎదురింటివాళ్లు వంకాయలిచ్చారు. అన్నం, పప్పు, వంకాయ వేపుడు కంచంలో పెట్టి అవ్వ ముందు జరిపింది.

"సంఘమోల్లు నెలనెలా బియ్యం ఇస్తామన్నారే. నాకింగ కొదవ లేదు, నువ్వు పోయి సదువుకో" అని బతిమాలింది రాహేలమ్మ.

"వాళ్లు బియ్యం ఇస్తారవ్వా, మెస్సు బిల్లు ఇయ్యరు కదా. మల్ల పింఛను నాకే పంపుతావు, మల్ల ఫోన్లో వంకాయ వండుతావు." క్రిస్టినా గొంతు అప్పటిదాకా గట్టిగానే ఉంది. "హాస్టల్ ఖాళీ చేసి వచ్చినా. ఆదోనిలో బట్టలంగట్లో పని ఉండాదంట, సోమవారం నుంచి రమ్మన్నారు. ఇంగ ఆ మెస్సులో నా గొంతులోకి మెతుకు దిగదు." అంతలోనే మొహం ముడుచుకుపోయింది. "అవ్వా, ఆడ పొద్దున ఉప్మా పెడ్తారు. నాకు పడదు. ఎన్ని దినాలు కంచం కంచమే డ్రమ్ములో పారేసి పోతినో. అది నీ కూడని నాకు తెలీదు అవ్వా. ఒట్టు, నాకు తెలీదు."

అని అవ్వ మోకాళ్ల మీద తల పెట్టి, చిన్నప్పుడు అమ్మ పోయిన పొద్దు ఏడ్చినట్టు ఏడ్చింది. రాహేలమ్మ ఎడమచేత్తో ఆ తల నిమురుతూ కూర్చుంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఈ తల మీద తెల్లటోపీ ఉండేది. ఆ మాట పైకి అనలేదు.

"పోయి గంగక్కను పిలుచుకరా" అంది చివరికి. "మనకు పంచి పంచి ఆమె ఇంట్లో గూడా ఏమీ ఉండదు."

గంగక్క వచ్చి పొయ్యి పక్కన తన పాత చోట్లో కూర్చుంది. ముగ్గురూ తిన్నారు. పప్పులో నూనె తగిలింది. వంకాయ ఫోన్లో చెప్పిన వంకాయ లాగే బాగా వేగింది. క్రిస్టినా కంచంలో మెతుకు వదలకుండా, అంచు దాకా వేలితో ఊడ్చి తింది. రాహేలమ్మ ముద్ద తర్వాత ముద్ద మింగింది. కంచం ఖాళీ అయింది. ఎన్నాళ్ల తర్వాతో కడుపు నిండింది.

మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఎదురుగా కూర్చున్న క్రిస్టినా, ఎప్పుడూ ఫోన్లో అడిగే వేళకు, ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగింది.

"తిన్నావా అవ్వా?"

ఇన్నాళ్లూ తినకుండానే తిన్నానే అని తడుముకోకుండా చెప్పిన ఆ ముసలామెకు, నిజంగా తిన్న ఈ పొద్దు ఆ మాట గొంతులోంచి రాలేదు.